గోడకు రంగు, అద్దెదారుకు కన్నం

అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దెను పెయింటింగ్ ఛార్జీల కింద అడ్వాన్సులోంచి పట్టుకుంటామన్న షరతు హైదరాబాద్ అద్దె ఒప్పందాల్లో స్థిరపడిపోయింది. కొండాపూర్‌లోనైనా కొంపల్లిలోనైనా అదే వరస. బెంగళూరులో కాపురాలున్న తెలుగువాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలిసిన బాధే. దాని వెంట చిల్లర కోతలు వేరే. గోడకు కొట్టిన మేకుకు ఇంత, వదులైన గడియకు ఇంత, రంగు వెలిసిన అల్మారా తలుపుకు ఇంత. ఇదేమని అడిగితే ఓనర్ల దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది: ఇల్లు ఎలా ఇచ్చామో అలాగే అప్పగించాలి కదా!

ఎంత న్యాయంగా వినిపిస్తుందో ఈ మాట. ఈ వ్యవహారం మొత్తంలో ఇంతకు మించిన బుకాయింపు మరొకటి లేదు.

మనుషులు కాపురమున్న ఇంట్లో మూడేళ్లు తిరిగేసరికి గోడ రంగు మాసిపోతుంది. సోఫా ఆనిన చోట గీత పడుతుంది, స్విచ్‌బోర్డు చుట్టూ చేతి జాడలు మిగులుతాయి, పొయ్యి వెనక గోడకు తాలింపు జిడ్డు పడుతుంది. ఇవేవీ జరగకూడదంటే ఇంటికి తాళం వేసి ఉంచుకోవాలి. ఇల్లు వాడుకుంటున్నందుకే కదా నెలనెలా అద్దె కట్టేది? ఆ వాడుకతో వచ్చే అరుగుదలకు మళ్లీ విడిగా డబ్బు గుంజడమంటే ఒకే సరుకును రెండుసార్లు అమ్మడమే.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. పుచ్చుకున్నప్పటి స్థితిలోనే ఇంటిని తిరిగివ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉన్న మాట నిజమే. సహేతుకమైన వాడుక వల్ల వచ్చే మార్పులకు అది వర్తించదని ఆ వెంటనే ఉంది. ఓనర్లు మొదటి సగం వల్లిస్తారు, రెండో సగం మింగేస్తారు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకాస్త విడమరిచింది. వేరే ఒప్పందం లేకపోతే గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు యజమాని ఖర్చు. నల్లా వాషర్లు, స్విచ్చులు, గీజర్ రిపేర్లు, పగిలిన కిటికీ అద్దాలు అద్దెదారు ఖర్చు. ఇందులో అర్థం కానిదేముంది?

పోనీ, ఆ వసూలుకు ఒక లెక్కయినా ఉందా అంటే అదీ లేదు. రంగు డబ్బా ధర గానీ, పెయింటర్ కూలీ గానీ ఆ ఇంటి అద్దెను బట్టి మారవు. ఒకే కొలత ఉన్న రెండు ఇళ్లలో ఒకదాని అద్దె 18 వేలు, రెండోదాని అద్దె 40 వేలు అయితే, రెండో ఇంటి గోడలు రెట్టింపు రంగు తాగుతాయా? పదకొండు నెలలకే బదిలీపై వెళ్లిపోయిన ఒంటరి ఉద్యోగికీ, ఇద్దరు పిల్లలతో ఆరేళ్లున్న కుటుంబానికీ కోత ఒక్కటే. అదీ చేరినప్పటి అద్దె కాదు, ఏటేటా పెరిగి పెరిగి చివరికి చేరిన అద్దె. ఖర్చుకు బిల్లు ఉంటుంది, నష్టానికి మదింపు ఉంటుంది. ఈ రెండూ లేకుండా ముందే ఖాయమైపోయిన సొమ్మును పరిహారం అనడం మాటల గారడీ. రంగు వేయించకుండానే, గోడ మీద మేకు రంధ్రాలు అలాగే ఉండగానే, పెంచిన అద్దెకు మర్నాడే టు-లెట్ బోర్డు వేలాడదీసే ఓనర్లూ ఉన్నారు. వాళ్లు ఏ గోడకు పరిహారం పుచ్చుకున్నట్టు?

ఓనర్లు పెద్దగా ప్రస్తావించని సంగతి మరొకటుంది. అద్దె ఆదాయంలోంచి మునిసిపల్ పన్ను పోగా మిగిలినదానిలో 30 శాతాన్ని ఆదాయపు పన్ను చట్టం నేరుగా మినహాయిస్తుంది. మరమ్మతులు, నిర్వహణ వంటి ఖర్చుల కోసమే ఆ వెసులుబాటు. నిజంగా ఖర్చు పెట్టారా, బిల్లులు ఏవి అని కూడా అడగదు. నెలకు 25 వేల అద్దె అంటే ఏడాదికి 3 లక్షలు. మునిసిపల్ పన్నును పక్కన పెడితే అందులో 90 వేల మీద యజమాని పన్నే కట్టనక్కర్లేదు. ప్రభుత్వం దగ్గర ఏటా ఆ పేరు చెప్పి పన్ను తగ్గించుకున్నవారే, అదే పేరుతో అద్దెదారు దగ్గర మరో 25 వేలు పట్టుకుంటే దాన్ని ఏమనాలి?

సంతకం పెట్టారు కదా అంటారు. పెట్టారు, నిజమే. చట్టం తమవైపు లేదని తెలిసే ఆ షరతు రాయించుకుంటున్నారు. స్టాంపు పేపరు మీద టైపైన ఒప్పందాన్ని ముందు పెట్టి, మీకు ఇష్టం లేకపోతే వెనక ఇంకో నలుగురున్నారని చెబితే, సామాను లారీలో వేసుకొచ్చినవాడు ఏ వాక్యం కొట్టేయించగలడు?

ఇల్లు పాడుచేసి, కరెంటు బిల్లు ఎగ్గొట్టి జారుకునే అద్దెదారులున్నారు. అలాంటివారి అడ్వాన్సులోంచి బిల్లు చూపించి ఎంతైనా తగ్గించుకోవచ్చు. అయితే చివరి నెల అద్దె అడ్వాన్సులో సర్దుకోండంటూ కట్టడం మానేసేవాళ్లు ఎక్కడి నుంచి పుట్టుకొచ్చారో యజమానులు ఆలోచించాలి. తన డబ్బు తిరిగిరాదని తెలిసినవాడు చేసే పనే అది.

బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లలను అడిగితే చెబుతారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2007 నుంచి అద్దె డిపాజిట్ ప్రభుత్వం గుర్తించిన రక్షణ పథకం కిందికి రావాలి. వివాదం వస్తే నష్టం జరిగిందని ఆధారాలు చూపించాల్సింది ఇంటి యజమానే. ఇక్కడ డబ్బు పుచ్చుకున్నదీ, నష్టం లెక్కగట్టేదీ, తీర్పు చెప్పేదీ ఆయనొక్కడే. ఆంధ్రప్రదేశ్ 2017లో కొత్త అద్దె చట్టం చేసుకుంది. తెలంగాణ మాత్రం 1960 నాటి చట్టాన్నే పట్టుకుని కూర్చుంది. కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటితే ఆ చట్టం వర్తించదు. ఈ హైదరాబాద్‌లో 3,500కు ఏ ఇల్లు దొరుకుతుందో పాలకులే చెప్పాలి.

నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదన్న నమూనా చట్టం పరిమితిని తెలంగాణ ప్రభుత్వం వెంటనే అమల్లోకి తేవాలి. బిల్లు లేని కోతలనూ, పెయింటింగ్ పేరుతో ముందే రాయించుకునే షరతులనూ చెల్లనివిగా ప్రకటించాలి. ఆలోగా అద్దెదారులు చేయగలిగిన పని ఒకటుంది. ఇంట్లో దిగిన రోజే గోడలు, తలుపులు, నల్లాలు అన్నీ వీడియో తీసి ఓనర్‌కు పంపండి. ఖాళీ చేసే రోజు ప్రతి కోతకూ బిల్లు అడగండి.