పటము నిమిడ్చుటలో మెలకువలు



పూర్వము ఛాయాపటమునకు చట్రము కట్టింపవలెనన్న అద్దముల దుకాణమునకు పంపెడివారము. నేడా పనిని కంప్యూటరు ముందు కూర్చుండి మనమే చేసికొనవచ్చును. పూలతీగెలు, తోరణములు, ముత్యాలసరములు దిద్దిన చట్రములు బొమ్మల రూపముననే లభించుచున్నవి. వానిలో పటము నిముడ్చుటకు తగిన సాధనములలో జింప్ అనునది యొకటి. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థులైన స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనువారు దీనిని నిర్మించి 1996లో లోకమున కందించిరి. దీనికి వెల లేదు.

ముందుగా చట్రమును తెరువవలెను. అది పి.ఎన్.జి. రకపు బొమ్మయై యుండవలెను. ఏలయన ఆ రకమునందు నడిమిభాగమును ఖాళీగా నుంచవచ్చును, జె.పి.ఇ.జి. రకమున కా సౌకర్యము లేదు. నడుమ బూడిదరంగు గళ్లు కనబడినచో అది ఖాళీయని గ్రహింపవలెను. పిదప ‘ఫైల్’ పట్టికలో ‘ఓపెన్ యాజ్ లేయర్స్’ అనుదానిని నొక్కి మన పటమును తెచ్చుకొనవలెను. అది చట్రముపై నొక పొరగా వచ్చి నిలుచును. పొరల పట్టికలో దానిని మౌసుతో పట్టి చట్రము క్రిందికి లాగినచో, కిటికీనుండి చూచినట్లు నడుమ కనబడును.

ఇక మిగిలినది కొలత. ‘స్కేల్ లేయర్’ అనుచోట వెడల్పునకును ఎత్తునకును ప్రక్కన చిన్న గొలుసు గుర్తు కలదు. అది కలిసియున్నంతవరకు ఒకటి తగ్గింప రెండవదియు తగుపాటిగా తగ్గును.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. పటము 1600 బిందువుల వెడల్పు, 1200 బిందువుల ఎత్తు కలదనుకొందము. చట్రములోని ఖాళీ నలువైపుల 1200 గల చదరము. గొలుసు తెంపి వెడల్పును మాత్రము తగ్గించినచో ముఖములు పావువంతు సన్నబడును. చిత్రరేఖ వ్రాసిన పటమున రూపము తప్పియుండినచో ఉషాకన్య అనిరుద్ధుని గుర్తింపగలిగెడిదా?

గొలుసు తెంపక ఎత్తును సరిపెట్టినచో ప్రక్కకు 200 చొప్పున 400 బిందువులు చట్రము చాటున పడును. అనగా పటమున పావుభాగము పోవును. ఒక్కరే కూర్చున్న పటమైనచో పోవునది గోడయో చెట్టో, నష్టము లేదు. కుటుంబమంతయు కూడిన పాత పటములందో? నడుమ కుర్చీలపై పెద్దలుందురు. కొసలయందు చంటిబిడ్డ నెత్తుకొన్న కోడలు, ఒదిగి నిలిచిన మేనత్త, పెండ్లికాని పిల్ల కానవత్తురు. చట్రమునకు పావుభాగము నిచ్చినచో మొదట పోవువారు వీరే. వారిలో కొందరికి బ్రదుకంతటిలో మిగిలిన పటమదియొక్కటియే కావచ్చును.

కావున మేము చెప్పు దారి మూడవది. గొలుసు తెంపకయే వెడల్పును 1200కు తెచ్చినచో ఎత్తు 900 అగును. పైన 150, క్రింద 150 బిందువులు ఖాళీగా నుండును. అన్నిటి కడుగున మరియొక పొర నుంచి లేత గంధపు రంగు నింపినచో చీరకు అంచువలె నమరును. ముఖములు కొంత చిన్నవైనను ఒక్కరును తొలగరు.

ఎక్స్.సి.ఎఫ్. రకముగా భద్రపరచినచో పొరలు విడివిడిగా నుండును గనుక మరల దిద్దుకొనవచ్చును. బంధువులకు పంపుటకు ‘ఎక్స్‌పోర్ట్’ చేసి వేరు ప్రతి తీయవలెను. మూలపటమును మాత్రము మార్పక వేరుగా దాచవలెను.

క్రింది ఖాళీయందు ఎడమనుండి కుడికి అందరి పేర్లును వ్రాయుడు. ఇంటి పెద్దలకు జ్ఞాపకమున్న దినములలోనే అడిగి తెలిసికొనుడు. కొసను నిలిచిన ఆమెను ఫలానావారి భార్యయని వ్రాసి విడువక, ఆమె పేరును వ్రాయుడు.