నువ్వుపై కొమ్ము పురుగు: జాతి నిర్ధారణ ఆవశ్యకత

అనంతపురం మెట్ట పొలాల్లో నువ్వు పైరుపై కొమ్ము పురుగు కనబడగానే, పంటను బట్టి దానిని అకెరాన్షియా స్టిక్స్‌గా నమోదు చేయడం శాస్త్రసమ్మతం కాదు. 1798లో ఫాబ్రీసియస్ వర్ణించిన అకెరాన్షియా లాకెసిస్ కూడా నువ్వును ఆశిస్తుంది. స్టిక్స్ పశ్చిమాసియా శుష్క ప్రాంతాల నుండి జపాన్ వరకు, లాకెసిస్ భారతదేశం నుండి ఆగ్నేయాసియా దీవుల వరకు విస్తరించి ఉన్నాయి; మన దేశంలో రెండింటి పరిధులూ కలుస్తాయి. కావున వర్షాభావ ప్రాంతమన్న కారణంతోనూ స్టిక్స్ అని తేల్చరాదు. రొమ్ము పైభాగాన పుర్రె వంటి గుర్తు రెండింటికీ ఉంటుంది. వెనుక రెక్క మొదలు పసుపుగా ఉంటే స్టిక్స్, నల్లగా ఉంటే లాకెసిస్.

లార్వాలను చేతితో ఏరివేయడం, వేసవి దుక్కితో నేలలోని ప్యూపాలను బయటపెట్టడం రెండు జాతులకూ వర్తించినప్పుడు పేరుతో పనేమిటన్న ప్రశ్న సహజమే. నివారణకు పేరు అత్యవసరం కాకపోవచ్చు. విస్తృతి పటానికి మాత్రం అదే పునాది. తప్పుగా నమోదైన పేరు ఒక నివేదిక నుండి మరొక నివేదికకు పాకుతుంది. నమూనా లేనిచో దానిని సరిదిద్దే మార్గముండదు.

కనుక విద్యార్థులు లార్వాను రెక్కల పురుగు దశ వరకు పెంచి, గ్రామం, తేదీ, ఆశించిన మొక్క వివరాలతో నమూనాను భద్రపరచాలి. అంతవరకు విస్తరణ శాస్త్రవేత్తలు తమ నివేదికల్లో అకెరాన్షియా అన్న ప్రజాతి నామంతోనే ఆగడం సమంజసం.