ఖిద్మత్ ముఫ్త్ అయితే కుర్చీ ఎవరికి?



ఈసారి ఎత్తుకున్న మస్లా కొందరికి నచ్చదని తెలుసు. చివరిదాకా చదివి, తర్వాత ఎత్రాజ్ చెప్పండి.

హిజ్రాలు, గే, లెస్బియన్ మనుషుల బరాబరీ హక్కుల కోసం పనిచేసే సంస్థలు మన రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. కొన్ని సొసైటీలు, కొన్ని ట్రస్టులు, కొన్ని కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద పెట్టినవి. పని చేసేది జీతానికి ఉన్న సిబ్బంది. ఫైసలా చేసేది మాత్రం బోర్డు. బోర్డు సభ్యులు పైసా తీసుకోరు, వాలంటీర్లు. ఈ ముక్కను సంస్థలు తమ కరపత్రాల్లో ఫఖర్‌గా వేసుకుంటాయి.

నేనంటాను, అందులో ఫఖర్ పడాల్సింది ఏమీ లేదు. పైసా ఇవ్వని కుర్చీ అందరి కుర్చీ కాదు, కడుపు నిండినవాళ్ల కుర్చీ. ఎవరి హఖ్ కోసం సంస్థ పుట్టిందో వాళ్లు రోజు కూలి పోగొట్టుకుంటే తప్ప ఆ కుర్చీలో కూర్చోలేరు.

ఇది మన ఘరానాలకు ఎందుకు చెప్తున్నావ్ భాయ్ అంటారా? రెండు కారణాలు. ఈ బీమారీ ఎలా ఉంటుందో మనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. రెండోది, ఆ బోర్డు గది బయట నిలబడిపోయినవాళ్లలో మన పిల్లలున్నారు.

ముందు బీమారీ సంగతి. ఏ మొహల్లా మసీదు కమిటీనైనా తీసుకోండి. సదర్ సాబ్, మోతమద్ సాబ్, ఖాజిన్ సాబ్. ఒక్కరూ తన్ఖా తీసుకోరు, మాషాఅల్లాహ్. ఎవరు వీళ్లు? ప్లాట్ల వ్యాపారం చేసే హాజీ సాబ్, గల్ఫ్‌లో సంపాదించి వచ్చిన సేట్, రిటైరైన ఇంజనీర్ సాబ్. ఫజర్‌లో మొదటి సఫ్‌లో నిలబడే పంక్చర్ దుకాణం భాయ్, ఆటో భాయ్ ఈ జాబితాలో ఎప్పుడైనా కనిపించారా? వాళ్లను ఎవరూ వద్దనలేదు. కానీ వక్ఫ్ బోర్డు ఆఫీసు చుట్టూ పగలంతా తిరిగితే ఆ రోజు ఆటో కిరాయి ఎవరు కడతారు? ఔరతుల మాట ఇక ఎత్తనే అక్కర్లేదు. ఇంకో నుఖ్సాన్ కూడా ఉంది. తాము ముఫ్త్‌గా చేస్తున్నారు కాబట్టి ఇమామ్ సాబ్ కూడా బర్కత్‌తో ఇల్లు నడుపుకోవాలని కమిటీ అనుకుంటుంది. తన్ఖా పెంచమని అడిగితే ఖిద్మత్ గురించి తఖ్రీర్ చెప్తుంది.

బరాబరీ సంస్థల బోర్డుల్లోనూ ఇదే జరుగుతోంది. అఖ్బార్ పని మీద అలాంటి ఒక సంస్థ బోర్డు మీటింగ్‌లో కూర్చున్నాను. ఆదివారం పదకొండు గంటలకు, బస్సు దిగి చాలా దూరం నడవాల్సిన ఒక ఆఫీసులో. సాఫ్ట్‌వేర్ మనిషి, వకీలు, డాక్టరు, ఒక పెద్ద కంపెనీలో మేనేజరు. అందరూ నేక్ మనుషులే. తమ సెలవు రోజును, జేబులో డబ్బును పెట్టి నడుపుతున్నవాళ్లు. మాటలన్నీ ఇంగ్లీషులో, మినిట్స్ ఇంగ్లీషులో. పన్నెండు గంటలకు ఒక హిజ్రా ఆపాను లోపలికి పిలిచారు. ఏళ్ల తరబడి ఆ సంస్థ తరఫున బస్తీల్లో తిరిగి, హెచ్‌ఐవీ పరీక్షలకు మనుషులను ఒప్పించి తీసుకొచ్చిన మనిషి. తన కథ చెప్పమన్నారు, చెప్పింది. చప్పట్లు కొట్టారు, బిర్యానీ పెట్టారు. ఆ తర్వాత బడ్జెట్ మీద చర్చ మొదలైంది, ఆపా బయటికి వచ్చేసింది.

మెట్ల దగ్గర నేనే అడిగాను, మీరు బోర్డులోకి ఎందుకు రారు అని. ఆమె లెక్క చాలా సీదా. ఆదివారం దుకాణాల ముందు నాలుగు పైసలు ఎక్కువ దొరికే రోజు. ఆ పూట పోతే గురు దగ్గర జవాబు చెప్పుకోవాలి, గది కిరాయికి తగ్గుతుంది. పైగా లోపల మాట్లాడేది సగం అర్థం కాదు, అర్థం కానిదాని కింద దస్తఖత్ పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. బోర్డు వాళ్లు తనను రావద్దన్నారని ఆమె అనలేదు. రమ్మన్నారనీ అనలేదు.

ఇప్పుడు దీన్‌దార్ భాయీలు అనొచ్చు: ఫీ సబీలిల్లాహ్ చేసేదానికి పైసలేమిటి, ఖిద్మత్‌కు కిరాయి కడతావా అని. మన తారీఖ్ మరోలా చెప్తోంది. హజ్రత్ అబూబకర్ సిద్దీఖ్ (రజి.) ఖలీఫా అయ్యాక కూడా బట్టలు భుజాన వేసుకుని బజారుకు బయల్దేరారు, ఇల్లు గడవాలి కాబట్టి. దారిలో హజ్రత్ ఉమర్, హజ్రత్ అబూ ఉబైదా ఆపారు. బైతుల్ మాల్ నుంచి ఆయనకు వజీఫా ఖరారైంది. ఖలీఫా అంతటి మనిషి ఇల్లు ముఫ్త్ కుర్చీ మీద గడవలేదు. సూరె తౌబా 60వ ఆయత్ చూడండి. జకాత్ ఎవరికి చెందుతుందో చెప్పే ఎనిమిది ఖానాల్లో గరీబులు, మిస్కీన్‌ల తర్వాత వచ్చేది జకాత్ వసూలు చేసి నడిపే పనివాళ్లది. మేహనత్‌కు హఖ్ ఇస్తే ఖిద్మత్ సవాబ్ తగ్గిపోతుందని ఎవరు నేర్పారు మనకు?

చట్టం ఒప్పుకోదని కొందరు అంటారు. చేసిన పనికి సమంజసమైన మొత్తం ఇవ్వడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఆపదు. ధర్మ సంస్థ సొమ్మును నడిపేవాళ్లే మితిమీరి తీసుకుంటే తప్పు పడుతుంది. పడాలి కూడా. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పరిపాలన ఖర్చును 50 శాతం నుంచి 20 శాతానికి కోసేశారు, అది నిజమే. కానీ ఏడాదికి నాలుగు మీటింగులకు, నలుగురు పేద సభ్యులకు దారి ఖర్చు, పోయిన పూట కూలి ఇస్తే ఏ సంస్థా మునిగిపోదు. స్టార్ హోటల్లో పెట్టే ఒక్క సెమినార్ మానుకుంటే చాలు.

ఇంకో ఎత్రాజ్: బోర్డుకు లెక్కలు తెలియాలి, ఖానూన్ తెలియాలి, చదువు లేనివాళ్లు ఏం చేస్తారు? లెక్కలకు ఆడిటర్ ఉన్నాడు, ఖానూన్‌కు వకీలుకు ఫీజు కట్టొచ్చు. ఏ బస్తీలో పోలీసులు ఎప్పుడు పట్టుకుంటారో, ఏ ఆసుపత్రిలో ఏ నర్సు ముఖం తిప్పుకుంటుందో చెప్పడానికి మాత్రం కిరాయికి మనిషి దొరకడు. హిజ్రాలకు ఫైసలా చేయడం రాదనేవాళ్లు ఈ షహర్‌ను చూడలేదు. హైదరాబాద్ హిజ్రాలలో షహర్‌వాలా, లష్కర్‌వాలా ఘరానాలు బోర్డు అనే మాట పుట్టకముందు నుంచీ నాయక్‌లతో, పంచాయతీతో నడుస్తున్నవే. ఆ జమాతుల్లో జుల్మ్ లేదని నేననను. చేలాల మీద గురువుల పెత్తనం, జుర్మానాలు ఉన్నాయి. అయినా పది మంది కూర్చుని మష్వరా చేయడం వాళ్లకు కొత్త కాదు. గాయత్రి రెడ్డి అనే పరిశోధకురాలు ఈ హిజ్రాల మధ్య తిరిగి 2005లో ఒక కితాబ్ తెచ్చారు. వాళ్ల జిందగీకి ఇరుసు ఏమిటని చూస్తే ఆమెకు దొరికిన లఫ్జ్ మనదే: ఇజ్జత్.

అసలు గెలుపు తెచ్చింది ఎవరో చూడండి. నిజాం జమానాలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో ఒక ఖానూన్ వచ్చింది. హిజ్రాల పేర్లను, నివాసాలను సర్కారు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఆడ బట్టలు కట్టుకుని వీధిలో కనిపించినా, పాడినా ఆడినా వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఆ ఖానూన్ మాత్రం పుస్తకాల్లోంచి పోలేదు. 2018లో దాని మీద హైకోర్టుకు వెళ్లినవాళ్లు వైజయంతి వసంత మొగ్లి, ఆమె సాథీలు. అంటే ఆ బతుకు బతికినవాళ్లే. 2023 జూలైలో హైకోర్టు దాన్ని కొట్టేసింది, ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్లకూ ఇవ్వమంది. బతికినవాళ్లకు కుర్చీ దొరికితే ఏమవుతుందో చెప్పడానికి ఇది చాలదా?

ఇప్పుడు మన ఇంటి మాట.

సొసైటీ పెట్టాలంటే మన రాష్ట్రాల్లో 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. వాళ్ల పేర్లు, వృత్తులు, చిరునామాలు రిజిస్ట్రార్ దగ్గర ఇవ్వాలి. పేరు పక్కన మామూలుగా తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది. అది దాచిపెట్టే కాగితం కాదు, ఫీజు కట్టినవాడు నకలు తెచ్చుకోవచ్చు. పేరు రిజిస్టర్‌లోకి ఎక్కితే ఏమవుతుందో వందేళ్లు చూసిన హిజ్రాలకు ఈ కాగితం భయం ఉండదా? విదేశీ విరాళం తీసుకునే సంస్థ అయితే పదాధికారుల ఆధార్ కూడా అడుగుతారు. ఆధార్‌లో ఒక పేరు, మనిషికి ఇంకో పేరు. 2019 చట్టం కింద జిల్లా కలెక్టర్ ఇచ్చే సర్టిఫికెట్ ఉంటే మార్చుకోవచ్చు. ఆ సర్టిఫికెట్ తెచ్చుకోవడమే ఒక జిహాద్.

ఇక మన ఇళ్లలో ఉన్న అబ్బాయి, అమ్మాయి సంగతి. హిజ్రాకు జమాత్ అయినా ఉంది. అబ్బాయిని ఇష్టపడే మన అబ్బాయికి, అమ్మాయిని ఇష్టపడే మన అమ్మాయికి అదీ లేదు. డిగ్రీ ఉండొచ్చు, ఉద్యోగం ఉండొచ్చు, బోర్డులో కూర్చుని ఇంగ్లీషులో వాదించగల జబాన్ ఉండొచ్చు. వాళ్లను ఆపేది ఆకలి కాదు, మనం. ఆ కాగితం మీద తండ్రి పేరు కనిపిస్తే మొహల్లాలో ఎవరు ఏమంటారో, చెల్లెలి రిష్తా ఏమవుతుందో, ఫూఫీ ఎన్ని ఫోన్లు చేస్తుందో అన్న డర్. అందుకే ఆ జాబితాల్లో మన పేర్లు వెతుక్కోవాల్సి వస్తుంది. తర్వాత మనమే అంటాం, చూశారా, ఇదంతా గైరుల తమాషా, మనవాళ్లు ఎవరూ లేరు అని. మన పిల్లల నోరు మూసి, వాళ్ల ఖామోషీని మనకు సబూత్‌గా వాడుకుంటున్నాం.

మనకు ఇంకో బోర్డు కూడా ఉంది. 2009లో ఢిల్లీ హైకోర్టు 377 సెక్షన్ నుంచి ఈ పిల్లలను తప్పిస్తే, దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లలో ఆల్ ఇండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు ఉంది. 2013 డిసెంబర్‌లో ఆ తీర్పు రద్దయింది. 2018 సెప్టెంబర్ 6న ఐదుగురు జడ్జీలు మళ్లీ సరిచేసేదాకా దాదాపు ఐదేళ్లు ఈ దేశంలో ఆ పిల్లలు ముజ్రిములు. కోర్టు మెట్లెక్కే ముందు మన ఇళ్లలో ఉన్న ఆ పిల్లల్లో ఒక్కరినైనా పిలిచి మష్వరా అడిగారా? ఎవరి మీద ఫైసలా చేస్తున్నారో వాళ్లు లేని గదిలో ఫైసలా చేయడం, మన బోర్డు చేసినా బరాబరీ సంస్థ బోర్డు చేసినా, ఒకటే జుల్మ్.

నేను ఫత్వా ఇచ్చేవాడిని కాను. ఏది హరామ్, ఏది హలాల్ అన్న బహస్ ఉలమాలు చేసుకోనివ్వండి. కానీ ఫిఖ్ హ్ కితాబుల్లో ఖున్సాకు మీరాస్‌లో ఎంత హిస్సా, నమాజ్‌లో ఏ సఫ్ అని బాబ్‌లే ఉన్నాయి. అంటే ఆ మనిషి ఇంట్లో ఉంటాడని, మసీదుకు వస్తాడని ఆ కాలపు ఫఖీహ్‌లు మాని రాశారు. గెంటేయడం మనం కలుపుకున్నది.

కాబట్టి రెండు వైపులా మతాలబా పెడుతున్నాను.

సంస్థలకు: బోర్డులో సగం కుర్చీలు ఆ బతుకు బతుకుతున్న, జేబు ఖాళీగా ఉన్నవాళ్లకు ఇవ్వండి. దారి ఖర్చు, పోయిన కూలి అడగకముందే చేతిలో పెట్టండి, అడిగించుకుని ఇస్తే అది ఖైరాత్. మీటింగ్ వాళ్ల బస్తీలో, వాళ్లకు కుదిరే వేళ పెట్టండి. మినిట్స్ తెలుగులో రాయండి, పాత షహర్‌లో ఉర్దూలో చదివి వినిపించండి. సంస్థలో జీతం తీసుకునే మనిషి బోర్డులో ఉంటే, తన తన్ఖా మాట వచ్చినప్పుడు బయటికి వెళ్లాలని రూల్ పెట్టుకోండి. ఒకే మనిషి పదేళ్లు సదర్‌గా ఉండటం ఖిద్మత్ కాదు, ఖబ్జా. ఇది మసీదు కమిటీలకూ వర్తిస్తుంది.

ఇంటివాళ్లకు: మీ కొడుకునో కూతురినో సమర్థించమని నేను అడగడం లేదు, మీకు అంత దూరం రావడానికి టైమ్ పడుతుందని తెలుసు. ఇంట్లోంచి గెంటకండి. నచ్చని నికాహ్ మెడకు కట్టి ఇంకో ఇంటి అమ్మాయి జిందగీ బర్బాద్ చేయకండి. వాళ్లు తమలాంటివాళ్ల కోసం ఏదైనా సంస్థలో పేరు రాసుకుంటామంటే కాళ్లు పట్టి లాగకండి.

రేపు ఏదైనా బోర్డు జాబితాలో మన పేరు ఒకటి కనిపించొచ్చు. పక్కనే ఒక తండ్రి పేరు కూడా ఉంటుంది. అది ఎవరింటి అమ్మాయి అని మొహల్లా అంతా తవ్వకండి. జుమ్మా నమాజ్ తర్వాత ఆ తండ్రి ఎదురైతే ముఖం తిప్పుకోకుండా సలాం చెప్పండి. ఆయనకు ఆ రోజు అది చాలా అవసరం.