ఓచరు ఉన్న ఫోటో

మా జంషెడ్‌పూర్‌లో ఉక్కు కర్మాగారం వెలుగూ, వీధి దీపాలూ కలిసి ఆకాశాన్ని తెల్లబరుస్తాయి. అయినా మేడమీంచి మృగశిరకి కింద ఉన్న ఓరియన్ నెబ్యులాని ఫోటో తీయవచ్చు. కంటికి బూడిదరంగు మచ్చ, ఫోటోలో ఎరుపు! "అంతా కంప్యూటర్ మాయ, మీ సైన్సూ నమ్మకమే" అంటారు జ్యోతిష్యం నమ్మే మిత్రులు.

కాదు. మసక వెలుగులో కన్ను రంగుల్ని పట్టలేదు. హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఇచ్చే ఎర్రటి కాంతిని కెమెరా పోగుచేస్తుంది. కొన్ని సెకన్ల చొప్పున తీసిన 100 ఫోటోల సగటు తీస్తే, అడ్డదిడ్డంగా వచ్చే చుక్కల గోల పదో వంతుకి తగ్గుతుంది.

రంగులు అతిగా పెంచేవాళ్ళూ ఉన్నారు. నేను లెక్కలు తనిఖీ చేసినవాణ్ణి. ఓచరు లేని పద్దు ఒప్పుకోను. ఎన్ని ఫోటోలు, ఎంతసేపు, ఏ ఫిల్టరు, ఏం మార్చారు అన్నీ ఫోటో కింద రాయాల్సిందే. అప్పుడు ఎవరైనా తీసి సరిచూసుకోవచ్చు. జాతకం రాసేవారు అలాంటి ఓచరు ఒక్కటి చూపించగలరా?