బెనిడోర్మ్‌లో ఏం కొనాలి?

స్పెయిన్‌లోని బెనిడోర్మ్ తీరం వెంబడి కొట్లు వరసగా ఉంటాయి. ఎద్దుబొమ్మల టీషర్టులు, విసనకర్రలు, ఫ్రిజ్ మీద అంటించే బిళ్లలు... ఇవి స్పెయిన్‌లో ఏ బీచ్‌కెళ్లినా కనిపిస్తాయి. పర్సు అక్కడే ఖాళీ చేయకండి. లెవాంతే, పొనియెంతే బీచ్‌ల మధ్యనున్న పాతబస్తీ సందుల్లోకి నడవండి. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా చిన్న దుకాణాలు చాలావరకూ మూసే ఉంటాయి కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు.

అసలు కొనాల్సింది తుర్రోన్. బాదం, తేనెలతో చేసే ఈ మిఠాయికి అదే అలికాంటే ప్రాంతంలోని హిహోనా పట్టణం పుట్టిల్లు. ఆ ఊరి పేరుతో ఉన్న రకం సున్నుండలా నోట్లో కరిగిపోతుంది. 'అలికాంటే' రకమేమో పల్లీపట్టీలా కరకరలాడుతుంది. పెట్టె మీద 'సుప్రెమా' అని ఉందేమో చూడండి. ఉంటే మెత్తటిదాంట్లో కనీసం 64 శాతం, గట్టిదాంట్లో 60 శాతం బాదం ఉన్నట్టే. అన్నట్టు, రెండింట్లోనూ కోడిగుడ్డు తెల్లసొన వేస్తారు. ఇంట్లో శాకాహారులుంటే వాళ్ల కోసం తేవాలా వద్దా అన్నది ముందే ఆలోచించుకోండి!

చెప్పులు, బ్యాగుల్లాంటివి కొంటే మాత్రం పాస్‌పోర్టు వెంట ఉండాలి. ధరలో 21 శాతం పన్ను కలిసే ఉంటుంది. ఐరోపా సమాఖ్య బయట నివసించేవారు దాన్ని వెనక్కి అడగొచ్చు. 2018 జులై నుంచి ఇంత మొత్తం కొనాలన్న నిబంధన కూడా లేదు. బిల్లుతోపాటు 'డివా' పత్రం అడిగి తీసుకోండి. సమాఖ్యను వదిలే చివరి విమానాశ్రయంలో దాన్ని ధ్రువీకరించాలి. వస్తువులు చూపించమనొచ్చు, అందుకే చేతిసంచీలో పెట్టుకోండి. డబ్బు ఇప్పించే సంస్థలు సాధారణంగా కొంత కమీషన్ పట్టుకుంటాయి. హోటల్‌గదిలోనే తినేసిన తుర్రోన్‌కి మాత్రం పైసా తిరిగిరాదు.