కెమెరా పట్టిన అమ్మాయికి బరిలో చోటివ్వండి
మా కొత్తవాడలో దర్రీలు నేసే ఇళ్ల అరుగుల మీద కూర్చుని, ఫైటింగ్ గేముల్లో ఏ హీరోను దింపాలని వాదించుకునే కుర్రాళ్లకు నా ఓటు ముందే చెప్పేస్తాను: ఫేటల్ ఫ్రేమ్. 2001లో టెక్మో తెచ్చిన ఈ జపాన్ దెయ్యాల గేములో తుపాకీ లేదు, కత్తి లేదు. ఉన్నదల్లా ఒక పాత కెమెరా. దెయ్యం దూరంగా ఉన్నప్పుడు ఫొటో తీస్తే దానికి పెద్దగా తగలదు. అది మీదపడి చెయ్యి వేయబోయే క్షణం దాకా బెదరకుండా నిలబడి, సరిగ్గా అప్పుడు మీట నొక్కాలి. అసలు దెబ్బ అదే. ఎదుటివాడు చెయ్యెత్తే దాకా ఓపిక పట్టి, అదను చూసి కొట్టడమేగా ఫైటింగ్ గేముకు ప్రాణం! భయపెట్టే గేములకు కుస్తీ బరిలో పనేమిటంటారా? రెసిడెంట్ ఈవిల్ కథానాయిక జిల్ వాలెంటైన్ 2000లోనే మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2లో దిగింది, జాంబీలను వెంటేసుకుని మరీ. 2018 నాటి సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌లో ఫేటల్ ఫ్రేమ్ అమ్మాయి యూరీ కోజుకతా ఉంది గానీ, పిలిస్తే వచ్చి ఫొటోలు తీసి వెళ్లిపోయే సహాయకురాలిగానే. అది చాలదు. లోపల వణుకుతూనే అడుగు వెనక్కి వేయని మనిషి ఆమె. నింటెండో తన వచ్చే స్మాష్ బ్రదర్స్ ఆటలోనైనా యూరీని అసలు ఆటగాళ్ల వరసలో నిలబెట్టాలి.