గడ్డికి జరిమానాయా? వెలయా?

ఏటేట అక్టోబరు, నవంబరు మాసములలో పంజాబు, హర్యానా రైతులు వరికొయ్యలకు నిప్పు పెట్టుటయు, ఆ పొగ ఢిల్లీనగరమును గ్రమ్ముటయు మన పాఠకు లెఱిగినదే. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వమువారు ఇందుకు జరిమానాను రెట్టింపు చేసిరి. అయిదెకరములకు మించిన రైతు ఇప్పుడు 30,000 రూపాయలు చెల్లింపవలయును.

రైతు గడ్డిని వేడుకకై కాల్చుటలేదు. భూగర్భజలమును కాపాడుటకై ఆ రెండు రాష్ట్రములును 2009లో శాసనములు చేసి నడివేసవిలో వరి నాటుటను నిషేధించినవి. నాటు వెనుకబడగా కోతయు వెనుకబడెను. గోధుమ విత్తుటకు మిగులునవి కొద్దివారములే. కోతయంత్రము విడిచిపోయిన గడ్డిని ఎత్తించుటకు ధనము లేనివాడు అగ్గిపుల్ల గీయుచున్నాడు. ఒక శాసనముచే గడువు తగ్గించి, మఱియొక శాసనముచే దండించుట న్యాయమా?

ఆ గడ్డి వట్టి చెత్త గాదు. అందలి సెల్యులోజు చక్కెరల గొలుసు. ఆవిరితోను, ఆమ్లముతోను గడ్డిని వదులుచేసి, ఎంజైములచే ఆ గొలుసును త్రెంపి, ఈస్టుతో పులియబెట్టి బట్టిలో దించిన ఎథనాలు వచ్చును. మిగిలిన లిగ్నిను బాయిలరునకు వంటచెఱకగును. 2022 ఆగస్టు 10వ తేదీన పానిపట్టులో ఇండియన్ ఆయిల్ సంస్థ కర్మాగారమును ప్రధానమంత్రి జాతి కంకితము చేసినప్పుడు, ఏటికి 2 లక్షల టన్నుల వరిగడ్డినుండి 3 కోట్ల లీటర్ల ఎథనాలు తీయుదురని ప్రకటింపబడెను.

పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఎథనాలు కలుపుట 2025లో నెఱవేఱినది. కాని అందు అత్యధికభాగము చెఱకు, బియ్యము, మొక్కజొన్నలనుండి వచ్చినదే. తినదగిన గింజ ఇంజనుపాలగుచుండగా, ఆ ప్రాంతపు పశువులకైన రుచింపని గడ్డి బూడిదయగుచున్నది!

చిక్కంతయు సేకరణలో నున్నది. గడ్డి తేలిక, కాని చోటు పెద్దది. ఏడాదికి వలయు సరకును కొద్దివారములలో కట్టలు కట్టి, బండ్లకెత్తి, వానకు తడియకుండ నిలువచేయవలయును. ఈ భారము ఒంటరిరైతుపై మోపరాదు. కోతకు ముందే టన్నుకింత యని వెల ప్రకటింపుడు. గ్రామసహకారసంఘములకు కట్టలుకట్టు యంత్రముల నిండు. గడ్డి కొనువాడు రాని గ్రామమున జరిమానా విధింపకుడు.

మన తెలుగుజిల్లాలలోను కోతయంత్రములు ప్రబలినకొలది గడ్డివాములు తఱిగి, పొలములలో పొగ కనబడుచున్నది. ఇచ్చట పశువుల మేత ప్రథమము, నేలకు చేరవలసిన ఎరువు ద్వితీయము, మిగిలినదే కర్మాగారమునకు. ఉత్తరదేశమున జరిగిన పొరపాటు ఇచ్చట జరుగకముందే మనవారు మేల్కొందురు గాక. బూడిదకు శిక్ష వేయగల ప్రభుత్వము గడ్డికి వెల కట్టలేదా?